టేపు ఎక్కణ్ణించి పట్టారు?

(భూమి వినియోగం మార్చే కమిటీల మీద, దిండిలో వ్యవసాయ కూలీల, చిన్న రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)



మన సభల్లో భూమి గురించి మాట్లాడని సభ లేదు. బంజరు పంచమన్నాం. లంక భూములు కూలీ సంఘాలకు ఇమ్మన్నాం. అసైన్డ్ పట్టా పరాయి చేతికి పోతే 1977 చట్టం చూపించి తిరిగి ఇప్పించమన్నాం. ఇవన్నీ భూమి ఎవరిది అనే ప్రశ్న. ఇవాళ నేను మాట్లాడబోయేది దాని పక్కనే ఉన్న ఇంకో ప్రశ్న. ఆ భూమి ఏమవ్వాలి అనేది ఎవరు తేలుస్తున్నారు? వరి మడి రొయ్యల చెరువు కావాలా, కొబ్బరితోట లే అవుటు కావాలా, ఏటిగట్టు రిసార్టు కావాలా అన్నది పొలం గట్టు మీద తేలడం లేదు. ఎక్కడో ఒక గదిలో, ఒక కమిటీ కూర్చుని తేలుస్తోంది. ఆ కమిటీలో కూర్చున్నవాడికి ఆ భూమిలో ఏమన్నా లాభం ఉందా? ఆ భూమి రూపం మారితే నష్టపోయేవాడు ఆ గదిలో ఉన్నాడా? ఈ రెండే ఇవాళ్టి ప్రశ్నలు.

చించినాడ వంతెన మీద నిలబడి చూడండి. కింద వసిష్ఠ. ఈ ఒడ్డున కొబ్బరిచెట్ల మధ్య రిసార్టు, ఏట్లో హౌస్ బోట్లు, పక్కనే 216 నంబరు జాతీయ రహదారి. ఒకప్పుడు రేవు దాటి పాలకొల్లు పోవలసిన ఊరు ఇది. వంతెన పడ్డాక ఇక్కడ భూమిని ఎకరాల్లో కాదు, గజాల్లో మాట్లాడుతున్నారు. లోపలికి మలికిపురం మీదుగా అంతర్వేది వైపు పోతే, మన అమ్మలు సార్వా ఊడ్పులు ఊడ్చిన పొలాల్లో ఏరేటర్లు తిరుగుతున్నాయి. ఒకే భూమి వరికి కౌలు ఒకటి, చెరువుకి కౌలు ఒకటి, ఇళ్ళ స్థలాలైతే రేటు ఇంకొకటి. మట్టి మారలేదు. మారింది కాగితం. కాగితం మీద సంతకం పడగానే భూమి ధర ఎగురుతుంది. అందుకే ఆ సంతకం చుట్టూ ఇంతమంది తిరుగుతారు.

ఆ కాగితం ఏ దారిన పోతుందో చూద్దాం. సముద్రానికి, ఏటికి, కాలవకి, ఆటుపోట్లు వచ్చే నీటి గట్టుకి 2 కిలోమీటర్ల లోపల ఉప్పునీటి రొయ్యల చెరువు తవ్వాలంటే 2005లో పార్లమెంటు చేసిన కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వర్తిస్తుంది. మంచినీటి చేపల చెరువులకు రాష్ట్ర ప్రభుత్వం జి.ఓ.లు ఉన్నాయి, 2020లో రాష్ట్రం చేసిన చట్టం ఉంది. పేర్లు ఏవైనా పద్ధతి ఒకటే. దరఖాస్తు పెట్టాలి. మండలంలో రకరకాల శాఖలవాళ్ళు వచ్చి చూసి రాయాలి. పైన కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ తేల్చాలి.

అందరూ అధికారులే గదా, ఇందులో సొంత లాభం మాట ఎక్కణ్ణించి వచ్చింది అని మీరు అడగొచ్చు. తనిఖీకి వచ్చిన అధికారి జీపు ఊళ్ళో ఎవరి అరుగు ముందు ఆగుతుందో మీకు తెలుసు. మధ్యాహ్నం భోజనం ఎవరింట్లో అవుతుందో తెలుసు. "ఊళ్ళో ఎవరికీ అభ్యంతరం లేదండి" అని చెప్పే పెద్దమనిషికి చెరువులు ఎన్ని ఉన్నాయో, ఆయన వియ్యంకుడికి ఎన్ని ఉన్నాయో, మేత డీలరుషిప్పు ఎవరిదో, ఐసు ఫ్యాక్టరీలో వాటా ఎవరిదో అన్నీ తెలుసు. కాలవ నీళ్ళ సంగతి నీటి సంఘాన్ని అడుగుతారు. 1997 చట్టంతో పెట్టిన ఆ సంఘాల్లో ఓటు పొలం ఉన్నవాడిదే. అదే కాలవలో బిందె ముంచుకునే కూలీ మనిషికి ఓటు లేదు. ఇక అధికారి కలం పట్టేసరికి రాయవలసిందంతా అరుగు మీదే తయారై ఉంటుంది. ఇది లంచం కథ మాత్రమే అనుకోకండి. లంచం పుచ్చుకోని నిజాయితీపరుడు వచ్చినా ఆయన చెవికి చేరేది ఆ అరుగు మీది మాటే. పేటలోకి ఆయన రాడు. వచ్చి మన మంచం మీద కూర్చుని "మీకేం ఇబ్బంది?" అని అడగడు.

ఇప్పుడు టేపు సంగతి. 2005 చట్టం కింద చేసిన మార్గదర్శకాల్లో దూరాలు రాశారు. 500 మంది లోపు జనాభా ఉన్న ఊరికి 100 మీటర్లు, అంతకు మించిన ఊరికి 300 మీటర్లు వదలాలి. మంచినీళ్ళ వనరుకి 100 మీటర్లు వదలాలి. చాలా మంచి నిబంధన. కానీ ఊరు అంటే ఏది? టేపు ఎక్కణ్ణించి పట్టారు? రామాలయం దగ్గర్నించి పట్టారా, పంచాయతీ ఆఫీసు దగ్గర్నించి పట్టారా, మాలపేటలో చిట్టచివరి పాక దగ్గర్నించి పట్టారా? మన పేటలు ఊరికి దూరంగా, పల్లం వైపు, మురుగు కాలవ వైపు ఉన్నాయి. అది మనం ఎంచుకుని కట్టుకున్న చోటు కాదు, ఊరు మనల్ని నెట్టిన చోటు. చెరువులకి అనువైనదీ ఆ పల్లమే. ఊరి నడుమ నుంచి కొలిస్తే చెరువు 300 మీటర్ల అవతల ఉంటుంది. పేట నుంచి కొలిస్తే పెరట్లోనే ఉంటుంది. చట్టంలో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు, ఒక్క అబద్ధం రాయనక్కరలేదు. టేపు కొసని ఎక్కడ పెట్టాలో ఒకడు నిర్ణయిస్తే చాలు. ఊరూ వాడా వేరు అన్న పాత కులం గీతే ఇవాళ సర్వే స్కెచ్చులో కొలత గీత అయి కూర్చుంది.

చరిత్రలో ఇంకో మాట గుర్తు చేసుకోండి. ఊళ్ళో సర్వే జరిగినప్పుడల్లా గొలుసు పట్టింది మన తాతలే. వెట్టివాడికి ఊరి ప్రతి సరిహద్దు రాయీ తెలుసు. ఎవడి గట్టు ఎవడు తోశాడో తెలుసు. సర్కారువారి టముకు వేసిందీ వాడే. అయినా గొలుసు పట్టినవాడి పేరు మీద సెంటు భూమి పడలేదు. ఇప్పుడు గొలుసు పోయి టేపు వచ్చింది, టేపు పోయి శాటిలైట్ పటం వస్తోంది. పటం గీసే గదిలోకి మనల్ని ఇంకా రానివ్వలేదు.

రెండో ఎత్తు ఒక మాటలో ఉంటుంది. "సాగుకు పనికిరాని భూమి." ఈ ఒక్క మాట నివేదికలో పడితే సగం పని అయినట్టే. మన రాష్ట్రంలో ఈ మాట ఎంత దూరం తీసుకుపోతుందో సోంపేట చెప్పింది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ ప్లాంటు కోసం బీల భూముల్ని కాగితాల మీద పనికిరాని నేల కింద చూపించారు. ఆ బీల వేల కుటుంబాలకు నీళ్ళు, చేపలు, గడ్డి, పంట ఇచ్చిన చిత్తడి నేల. జనం ఎదురు తిరిగారు. 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చచ్చిపోయారు. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకి ఇచ్చిన అనుమతిని కొట్టేసింది. నేలని చూసి రాయవలసిన మాటని నేలని కోరుకున్నవాడికి అనుకూలంగా రాస్తే ఫలితం ఇది. మన దగ్గర తుపాకీ పేలక్కరలేదు. పక్క చెరువు ఉప్పు ఊటకి రెండేళ్ళు పంట పోతే మూడో ఏడు ఆ పొలం నిజంగానే సాగుకు పనికిరాని భూమి అవుతుంది. ముందు పాడుచేసి, తర్వాత పాడైందని రాసుకుని, దాని మీద అనుమతి పుచ్చుకుంటారు.

మూడో ఎత్తు టముకు. అభ్యంతరాలు ఉంటే చెప్పండని నోటీసు వేయాలి. పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలో ప్లాను మార్చాలన్నా గెజిటులో, పేపర్లో ప్రకటించి 15 రోజులు గడువు ఇవ్వడం పద్ధతి. ఎవరు చదువుతారండి ఆ గెజిటు? పేపర్లో ఏ మూలో చీమ తలకాయంత అక్షరాలతో సర్వే నంబర్లు వేస్తారు. సర్వే నంబరు చూసి "ఇది మా శ్మశానం పక్కదే" అని గుర్తుపట్టే మనిషి పేటలో ఎంతమంది ఉన్నారు? పంచాయతీ బోర్డు మీద అంటించిన కాగితం సాయంత్రానికి ఉండదు. పదహారో రోజున "అభ్యంతరాలు ఏవీ రాలేదు" అని రాసుకుంటారు. వినపడని టముకు వేసి, ఎవరూ పలకలేదంటే ఎలా?

2022 సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా వచ్చింది. దానికి బాబాసాహెబ్ పేరు చేరుస్తామని మే నెలలో ప్రభుత్వం ప్రకటించి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి 30 రోజులు ఇచ్చింది. మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. చివరికి పేరు నిలిచింది. ఒక పేరు మార్చడానికి జిల్లా మొత్తాన్ని 30 రోజులు అడిగారు. పేట పక్క భూమి రూపం మార్చడానికి పేటని ఒక్క పూట అడగరా? పేరు మనకి గౌరవం, కాదనను. కానీ అంబేడ్కర్ పేరున్న జిల్లాలో, ఎస్సీలకు రిజర్వయిన రాజోలు నియోజకవర్గంలో, కమిటీ గదిలో మాత్రం పాత ఊరి పెద్దరికమే కూర్చుంటే ఆ పేరు బోర్డు మీద ఉండి ఏం లాభం?

ఇక చట్టం ఏం చెబుతుందో చూద్దాం. తన కేసుకి తానే తీర్పరి కాకూడదు. ఇది ఊళ్ళో రచ్చబండ దగ్గర పిల్లాడికి కూడా తెలిసిన న్యాయం. 1969లో సుప్రీంకోర్టు క్రైపాక్ కేసులో దీన్ని గట్టిగా చెప్పింది. జమ్మూ కాశ్మీరులో అటవీ సర్వీసుకి అధికారుల్ని ఎంపిక చేసే బోర్డులో ఒక సభ్యుడు ఉన్నాడు. ఆయన కూడా ఆ ఉద్యోగానికి అభ్యర్థే. తన పేరు వచ్చినప్పుడు ఆయన బయటికి పోయాడు. మిగతావాళ్ళ పేర్లు వచ్చినప్పుడు కూర్చున్నాడు. జాబితాలో మొదటి పేరు ఆయనదే అయింది. ప్రభుత్వం తరఫున "ఆయన తన పేరప్పుడు లేడు గదా" అని వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. పోటీదారుల తలరాత రాసేటప్పుడు కూర్చున్నాక, తన వంతుకి బయటికి పోతే ఏం ఒరిగింది? పక్షపాతం జరిగిందని రుజువు చేయనక్కరలేదు, జరిగే అవకాశం గట్టిగా ఉంటే చాలునని చెప్పి ఆ ఎంపికని కొట్టేసింది. ఈ తీర్పు పేరు మీరు గుర్తు పెట్టుకోండి. "మా బావ దరఖాస్తు వచ్చినప్పుడు నేను గదిలో లేనండి" అనేవాడికి సమాధానం 1969లోనే ఇచ్చేశారు.

ఇది చిన్న ఊళ్ళ జబ్బు మాత్రమే అనుకోవద్దు. గనులకు పర్యావరణ అనుమతి ఇవ్వొచ్చో లేదో చెప్పడానికి కేంద్ర ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీ అధ్యక్షుడు నాలుగు గనుల కంపెనీలకు డైరెక్టరు. గోవా గని కేసులో 2009 నవంబరులో ఢిల్లీ హైకోర్టు దీన్ని వేలెత్తి చూపింది. పైన ఢిల్లీలో అలా ఉంటే కింద మండలంలో ఎలా ఉంటుందో చెప్పాలా?

ముందస్తు కబురు సంగతి ఇంకొకటి. రోడ్డు ఎటు పోతుందో, ప్లాన్లో ఏ రంగు ఎక్కడ పడుతుందో ముందే తెలిసినవాడు ముందే కొంటాడు. అమరావతి భూముల మీద ఈ ఆరోపణతో కేసులు పెట్టారు. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్న జోలికి నేను పోను. 2021 జనవరిలో హైకోర్టు ఆ కేసు కొట్టేసింది, జూలైలో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వం అప్పీలుని తోసిపుచ్చింది. నాకు కావలసింది అందులో హైకోర్టు చెప్పిన ఒక సంగతి. షేర్ల వ్యాపారంలో లోపలి కబురు తెలుసుకుని కొంటే నేరం. భూముల కొనుగోలుకి ఆ నేరాన్ని వర్తింపజేయడానికి శిక్షాస్మృతిలో చోటు లేదు. అర్థమైందా? బొంబాయిలో షేరు కాగితం కొన్నవాడికి ఉన్న రక్షణ, గుంటూరు జిల్లాలో అరెకరం అమ్ముకున్న మాదిగ రైతుకి లేదు. ఆ లోటు పూడ్చమని అడగవలసింది మనమే. ఎందుకంటే కబురు అందరికంటే చివర తెలిసేది మనకే.

అదే అమరావతిలో, 2016 ఫిబ్రవరి జి.ఓ. 41లో, పట్టా భూమి ఇచ్చినవాడికి ఎకరాకి 1000 గజాల ఇళ్ళ జాగా అన్నారు. అసైన్డ్ భూమి ఇచ్చినవాడికి 800, కొన్ని తరగతులకి ఇంకా తక్కువ అన్నారు. గట్టుకి ఇటు అటు ఒకే మన్ను. ఆ భూమి దున్నుకోమని సర్కారు ఇచ్చిందన్న పాపానికి దళితుడి ఎకరం చిన్నదైపోయింది. ఇలాంటి లెక్కలు వేసే గదిలో అసైన్డ్ రైతు ఒక్కడు కూర్చుని ఉంటే ఆ పెన్ను అంత తేలిగ్గా కదిలేదా?

ఇక రెండో ప్రశ్నకి వస్తాను. నష్టపోయేవాడు ఎవరు?

పేట పక్కన తవ్వుతున్న ఒక చెరువు మీద అర్జీ ఇవ్వడానికి కొంతమంది ఆడవాళ్ళని వెంటబెట్టుకుని నేను ఒక ఆఫీసుకి పోయాను. ఏ ఆఫీసో ఇక్కడ అనవసరం. కుర్చీలో ఉన్నాయన కాగితం తిప్పి చూసి, "ఆ పక్క సర్వే నంబర్లలో మీకు పట్టా ఉందా?" అన్నాడు. లేదన్నాం. "మరి మీకేం సంబంధం?" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు. నిజంగానే ఆయనకి అర్థం కాలేదు. భూమి లేనివాడికి భూమితో సంబంధం ఏమిటి?

ఏం సంబంధమో చెప్తాను వినండి. వరి పొలం ఉన్నంతకాలం ఆకుమడి నుంచి నూర్పిడి దాకా పనే. ఊడ్పులకి, కలుపుకి, కోతకి, కుప్పకి మన ఆడవాళ్ళు గుంపులు కట్టి పోయేవాళ్ళు. సార్వా అయ్యాక దాళ్వా. గట్టు మీద గేదెకి గడ్డి, బోదెలో కూరకి నాలుగు చేపలు, కోతలయ్యాక పరిగె. అదే భూమి చెరువైతే ఒక కాపలా మనిషి చాలు. మేత చల్లేవాడు ఒకడు. పట్టుబడి నాడు లారీతో పాటే బయటి ముఠా దిగుతుంది, తెల్లారేసరికి పోతుంది. గడ్డి లేదు, పరిగె లేదు. గట్టు మీద నడిస్తే దొంగతనానికి వచ్చావంటారు. శ్మశానానికి పోయే దారి చెరువు గట్టు అయిపోతుంది. బోరు నీళ్ళు ఉప్పనవుతాయి. అప్పుడు కూలి డబ్బులు పోయి నీళ్ళ టిన్ను కొనుక్కోవాలి. కారంచేడులో 1985లో గొడవ ఎక్కడ మొదలైంది? మంచినీళ్ళ చెరువు దగ్గరే గదా. మాదిగలు తాగే నీళ్ళు పాడవుతుంటే "మీకేం సంబంధం" అన్న ధోరణే అక్కడా కనిపించింది.

ఇవన్నీ నష్టాలు కావా? కమిటీ ఫారంలో వీటికి గడి లేదు. పక్క రైతు అభ్యంతరానికి గడి ఉంది, కాలవ శాఖ అభిప్రాయానికి గడి ఉంది. పని పోయిన మనిషికి గడి లేదు. స్వప్రయోజనం ఉన్నవాడు కమిటీలో కూర్చోవడం ఒక అన్యాయం. నష్టం ఉన్నవాణ్ణి అసలు సంబంధమే లేనివాడిగా లెక్కగట్టడం దానికి రెండో వైపు. ఈ రెండూ ఒకే తాడుకి రెండు కొసలు. మొదటిదాన్ని మాత్రం తీసేసి రెండోదాన్ని ఉంచితే, ఒక పెద్దరైతు పోయి ఇంకో పెద్దరైతు వస్తాడు, అంతే.

శంకరగుప్తం డ్రెయిన్ నుంచి సముద్రపు పోటు నీళ్ళు ఎక్కి కొబ్బరిచెట్లు మోడులయ్యాయి. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి కేశనపల్లి వచ్చి చూశారు. మంచిదే, చూడవలసిందే. కొబ్బరి రైతు కష్టం కష్టమే. కానీ చెట్టు చస్తే తల వాల్చి కనపడుతుంది. కూలి పోయిన మనిషి బస్సెక్కి ఊరు దాటి పోతాడు, కువైట్‌లో ఇంటి పనికి పోతుంది ఆడమనిషి. ఖాళీ అయిన పాకని చూడటానికి ఎవరూ రారు.

కోర్టు ఒకసారి చూసింది. తమిళనాడులో సర్వోదయ నాయకుడు జగన్నాథన్, దళిత కుటుంబంలో పుట్టిన ఆయన భార్య కృష్ణమ్మాళ్ నాగపట్నం వైపు కూలి జనాన్ని కూడగట్టి రొయ్యల కంపెనీల మీద పోరాడారు. ఆయన 1994లో వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వ్యవసాయ భూముల్ని, ఊరి ఉమ్మడి అవసరాలకున్న భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదంది. పనిపోయే కార్మికులకి ఆరేళ్ళ జీతం అదనంగా ఇమ్మంది. నిండా నాలుగు నెలలు కాకుండానే ఆ తీర్పుని దాటడానికి ఢిల్లీలో బిల్లు తయారైంది. చివరికి 2005లో చట్టమే వచ్చింది. చెరువులు ఉన్నవాళ్ళకి ఢిల్లీ దాకా చెయ్యి అందింది. అయినా వ్యవసాయ భూమిని మార్చకూడదన్న మాట ఆ చట్టం కింది మార్గదర్శకాల్లోనూ మిగిలింది. మనం పట్టుకోవలసిన కొస అది.

కొందరు పెద్దలు అంటారు, "అధికారుల చేతిలోంచి తీసి ఊరి చేతిలో పెట్టండి, అంతా సర్దుకుంటుంది" అని. నేను గ్రామసభకి వ్యతిరేకిని కాను. 1994 పంచాయతీరాజ్ చట్టం గ్రామసభ పెట్టమంది. 1993 రాజ్యాంగ సవరణ జిల్లా ప్రణాళికా కమిటీలు వేయమంది, భూమి వినియోగం, నీటి పంపకం ఆ కమిటీల పని అంది. కానీ ఊరు అంటే ఏమిటో బాబాసాహెబ్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలోనే చెప్పారు. ఊరిని పొగిడేవాళ్ళ మధ్య నిలబడి, ఊరు సంకుచితత్వానికి నిలయమని తేల్చారు. ఆయనకి అది పుస్తకాల్లో తెలిసిన సంగతి కాదు. మహద్‌లో చవదార్ చెరువుని అందరికీ తెరుస్తున్నామని ఆ ఊరి మునిసిపాలిటీ 1924లో తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు మనదే. 1927 మార్చిలో బాబాసాహెబ్ వేలమందితో పోయి నీళ్ళు తాగితే తలలు పగలగొట్టారు. ఆగస్టులో అదే మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. తీర్మానం చేసిందీ స్థానిక సంస్థే, వెనక్కి తీసుకుందీ స్థానిక సంస్థే. కాబట్టి "స్థానికం" అన్న మాటకి మురిసిపోకండి. స్థానికంగా ఎవరు, ఏ వాడవాళ్ళు, ఏ అధికారంతో కూర్చున్నారని అడగండి.

మన లోపలి సంగతి కూడా మాట్లాడుకోవాలి. "మీవాళ్ళు కూడా చెరువులకి ఇచ్చారు గదా" అంటారు. ఇచ్చారు. చుట్టూ నాలుగు వైపులా చెరువులు తవ్వాక నడుమ మిగిలిన అరెకరంలో ఏం పండుతుంది? నీళ్ళు పోయే బోదె లేదు, వచ్చే బోదె లేదు. ఆ అరెకరం వాడు కౌలుకి ఇవ్వకేం చేస్తాడు? దాన్ని ఇష్టపూర్వకంగా ఇచ్చిన సమ్మతి కింద ఫైల్లో పెడతారు. ఇక రిజర్వుడు సర్పంచి సంగతి. పుస్తకం ఇంటికే వస్తుంది, "ఇక్కడో సంతకం" అంటారు. సంతకం పెట్టిన చెల్లెమ్మని నేను తిట్టను. ఆ చెల్లెమ్మ వెనక పేట నిలబడి ఉందా అన్నది ముఖ్యం. ఒంటరిగా ఉన్నవాళ్ళ చేత సంతకం పెట్టించడం తేలిక.

మరి ఏం చేద్దాం? నేను పెద్ద పెద్ద మాటలు చెప్పను. చేతిలో ఉన్నవి చెప్తాను.

ఒకటి. కమిటీలో ఎవరున్నారో పేర్లు రాబట్టండి. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షను ప్రకారం ప్రతి ఆఫీసూ తన బోర్డులు, కమిటీల వివరాలు, వాటి సమావేశాల మినిట్స్ జనం చూడవచ్చా లేదా అన్నది తనంతట తానే బయటపెట్టాలి. పెట్టకపోతే అర్జీ పెట్టండి. దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్ళకి ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

రెండు. మూడు కాగితాలు అడగండి: తనిఖీ నివేదిక, సర్వే స్కెచ్చు, మినిట్స్ నకలు. స్కెచ్చులో టేపు ఏ గుర్తు నుంచి పట్టారో చూడండి. మీ చివరి ఇంటి నుంచి మీరే టేపు పట్టి కొలిచి, పదిమంది సంతకాలతో రాసిపెట్టుకోండి. దూరం అంటే పేటలో చివరి గడప నుంచి దూరమే అని మనం అడగాలి.

మూడు. కమిటీలో ఉన్న ప్రతివాడూ, కమిటీకి అభిప్రాయం చెప్పే ప్రతివాడూ తనకి, తన ఇంటివాళ్ళకి, దగ్గరి బంధువులకి ఆ మండలంలో ఏ చెరువు, ఏ లే అవుటు, ఏ వ్యాపారంలో వాటా ఉందో రాసి సంతకం పెట్టాలి. అది పంచాయతీ గోడ మీద ఉండాలి. వాటా ఉన్నవాడు తన ఫైలప్పుడే కాదు, ఆ ప్రాంతం ఫైళ్ళన్నిటప్పుడూ లేచి బయటికి పోవాలి. ఎవరు లేచారో, ఎప్పుడు లేచారో మినిట్స్‌లో రాయాలి. క్రైపాక్ తీర్పు సారం ఇదే.

నాలుగు. కూలీకి కుర్చీ కావాలి. 2011 కోస్తా నియంత్రణ నోటిఫికేషన్లో కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీలో స్థానిక సంప్రదాయ తీరప్రాంత సమాజాల ప్రతినిధులు కనీసం ముగ్గురు, మత్స్యకారులతో సహా, ఉండాలని రాశారు. వేటగాళ్ళకి ఆ చోటు దొరకడం న్యాయం. అలాగే భూమి రూపం మార్చే ప్రతి కమిటీలో భూమిలేని వ్యవసాయ కూలీలకి, అందులో ఆడవాళ్ళకి చోటు ఉండాలి. ఒక్కరిని వేస్తే ఆ ఒక్కరిని అరుగు మీదికి పిలుచుకుపోతారు. ముగ్గురైనా ఉండాలి.

ఐదు. నోటీసు పేటలో చదివి వినిపించాలి. సాయంత్రం, కూలి నుంచి వచ్చాక, మైకులో, సర్వే నంబరుతో కాదు, అందరికీ తెలిసిన పేరుతో. "ఫలానా వారి చింతచెట్టు పక్క పొలం" అని చెప్పాలి. చెప్పినట్టు పేటవాళ్ళ సంతకాలు ఉంటేనే గడువు మొదలైనట్టు.

ఆరు. ఫారంలో మన గడి కావాలి. ఈ భూమి చెరువైతే ఎన్ని పనిదినాలు పోతాయి, ఏ బోరు పోతుంది, ఏ దారి పోతుంది అన్నది రాయకుండా ఏ ఫైలూ కదలకూడదు.

ఇవేవీ ఆకాశం నుంచి చందమామని తెచ్చిమ్మని అడగడం కాదు. సగం చట్టంలో ఉన్నవే. మిగతా సగం చట్టం తన మాటకి తాను కట్టుబడితే రావలసినవే. చెరువులు తవ్వొద్దని గానీ, వంతెన దగ్గర హోటలు కట్టొద్దని గానీ నేను అనడం లేదు. ఎక్కడ తవ్వాలో, ఎంత వదలాలో తేల్చేవాడు లాభం పొందేవాడు కాకూడదు. నష్టపోయేవాడు గది బయట ఉండకూడదు. అంతే మన మాట.

ఈ నెల్లో చేయవలసిన పని ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఇక్కడికి వచ్చిన ప్రతి పేట నుంచీ ఇద్దరు పిల్లలు, చదువుకున్నవాళ్ళు, ఒక నోటు పుస్తకం కొనండి. పేట చుట్టూ ఉన్న ప్రతి చెరువు, ప్రతి బోరు, శ్మశానం, దారి రాయండి. ఎవరిది, ఎప్పుడు తవ్వారు, అంతకు ముందు అక్కడ ఏం పండేది, ఎంతమందికి పని దొరికేది అన్నది ముసలమ్మల్ని అడిగి రాయండి. వెట్టివాడి మనవడు ఊరి సరిహద్దులు మళ్ళీ నేర్చుకోవాలి. తాత ఊరి కోసం గొలుసు పట్టాడు. మనవడు పేట కోసం టేపు పట్టాలి. రేపు మళ్ళీ ఎవరన్నా "మీకేం సంబంధం?" అంటే, ఆ పుస్తకం తీసి ఎదురుగా పెట్టండి.

జై భీమ్.